రెండు టీవీలు... ఒకటే హోమ్‌థియేటర్‌!

హాల్లో 55 అంగుళాల టీవీ. దాని చుట్టూ అయిదు స్పీకర్లు, మూలన ఒక ఊఫర్‌. పడకగదిలో 43 అంగుళాల మరో టీవీ. ఇలాంటి ఇళ్లు ఇప్పుడు హైదరాబాద్‌, విజయవాడల్లోనే కాదు... నరసరావుపేటలోనూ నిర్మల్‌లోనూ మామూలే. 1987లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో 'రామాయణం' వచ్చే వేళకి వీధి వీధంతా ఒక్క టీవీ ముందు చేరేది. ఇప్పుడు ఒక్క ఇంట్లోనే రెండు తెరలు, రెండు కార్యక్రమాలు. అందులో తప్పేం లేదు. చిక్కల్లా హోమ్‌థియేటర్‌ కొన్న మర్నాడు మొదలవుతుంది. 'అంత డబ్బు పోసి కొన్నాం కదా, లోపలి టీవీకి కూడా దీన్నే కలిపేస్తే పోలా?' అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు.

దుకాణంలో అడిగితే 'ఎందుకు కుదరదండీ, ఒక స్ప్లిట్టర్‌ పెడితే సరి' అన్న జవాబు తయారుగా ఉంటుంది. స్ప్లిట్టర్‌ వస్తుంది. పది మీటర్ల తీగ వస్తుంది. గోడకి మేకులు కొట్టి, తలుపు పైనుంచి ఆ తీగని లోపలికి లాగుతారు. వారం తిరక్కుండానే ఫిర్యాదులు! అయిదు స్పీకర్లలో రెండే మోగుతున్నాయి. లోపల టీవీ కట్టేస్తే హాల్లో బొమ్మ ఓ క్షణం నల్లబడి మళ్లీ వస్తోంది. రిమోట్‌ నొక్కాలంటే పడకగదిలోంచి లేచి హాల్లోకి రావాల్సి వస్తోంది. అన్నిటికంటే ముఖ్యంగా... లోపల మంచం మీద కూర్చున్న తాతయ్యకి ఊఫర్‌ దడదడ తప్ప మాట ఒక్కటీ అందడం లేదు.

ఇందులో ఏ వస్తువూ పాడైపోలేదు. ఎవరూ మోసం చేయలేదు కూడా. తీగ పట్టుకుని బొమ్మ ఏ గదికైనా వెళుతుంది. శబ్దం అలా కాదు. అది గదిని బట్టి, ఆ గదిలో కూర్చున్న చోటుని బట్టి ఉంటుంది. బొమ్మని పంచుకోవచ్చు కానీ శబ్దాన్ని ఏ గదికి ఆ గదిలోనే అమర్చుకోవాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం ఖర్చు, గోడలకి సగం చిల్లులు తప్పుతాయి.

వాన అక్కడ... మాట ఇక్కడ

5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక ఊఫర్‌. ముందు కుడి ఎడమల రెండు, టీవీ కింద మధ్యలో ఒకటి, వెనకవైపు రెండు. సినిమాలో పాత్రల మాటల్లో ఎక్కువ భాగం ఆ మధ్య స్పీకర్లోంచే వస్తాయి. పాటలో వాద్యాలు ముందున్న రెండిట్లోంచి. వెనక రెండూ వానకి, జనం కేకలకి, తలమీదుగా దూసుకెళ్లే విమానానికి. ఇవన్నీ కలిసి ఒక్కచోటికి లెక్కగా చేరాలి. సోఫాలో కూర్చున్న మనిషికి సరిగ్గా ఎదురుగా టీవీ ఉందనుకుంటే, ముందు స్పీకర్లు రెండూ అటూ ఇటూ 30 డిగ్రీల్లోపు ఉండాలి. వెనకవి పూర్తిగా వీపు వెనక కాదు, చెవులకి కాస్త వెనగ్గా... 110 డిగ్రీల దగ్గర.

ఈ లెక్క తెలియక చాలామంది ఒక తెలివైన పని చేస్తుంటారు. 'వెనక స్పీకర్లు హాల్లో పెద్దగా మోగడం లేదు, దండగ' అని ఆ రెండిటినీ తీసుకెళ్లి పడకగదిలో పెడతారు. హాల్లో మూడు, లోపల రెండు. రెండు గదులకీ సర్దుబాటు అయిపోయినట్టే కదా! తీరా సినిమా పెడితే లోపలి వాళ్లకి వాన వినిపిస్తుంది, గుర్రాల డెక్కలు వినిపిస్తాయి, జనం హాహాకారాలు వినిపిస్తాయి. హీరో ఏమన్నాడో మాత్రం వినిపించదు. వాళ్ల వాటాకి వచ్చిన స్పీకర్లలో మాటలుండవు మరి.

గోడల సంగతీ ఇలాగే ఉంటుంది. మన ఇళ్లలో గదికీ గదికీ మధ్య చాలాచోట్ల నాలుగున్నర అంగుళాల గోడే. సన్నటి శబ్దాల్ని అది బాగానే ఆపుతుంది. మనిషి మాటని మాటగా గుర్తుపట్టడానికి కావాల్సినవి ఆ సన్నటి శబ్దాలే. ఊఫర్‌ నుంచి వచ్చే బరువైన శబ్దం మాత్రం గోడనే అదిలించి అవతలికి పోతుంది. అంటే కావాల్సింది దాటదు, అక్కర్లేనిది దాటుతుంది! అందుకే పడకగదిని ఆనుకున్న గోడ మూలన ఊఫర్‌ పెట్టకూడదు. మూలన పెడితే దాని మోత మరింత పెరుగుతుంది కూడా. అవతలి గోడవైపు జరిపి, కింద మందపాటి రబ్బరు పట్టా వేస్తే నేల ద్వారా పాకే అదురు తగ్గుతుంది. 80 హెర్ట్‌జ్‌ కన్నా తక్కువ శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి సరిగా పోల్చుకోలేదు. కాబట్టి ఊఫర్‌ టీవీ పక్కనే ఉండాలన్న పట్టింపేం అక్కర్లేదు.

కారం తినని అతిథి

మరి స్ప్లిట్టర్‌ పెడితే అయిదు స్పీకర్లు రెండుకి ఎందుకు పడిపోతాయి?

హెచ్‌డీఎంఐ తీగ 2002 చివర్లో వచ్చింది. అంతకుముందు పసుపు, ఎరుపు, తెలుపు గుబ్బల తీగలు ఏది పంపితే అది మోసుకెళ్లేవి. హెచ్‌డీఎంఐ అలా కాదు. సెట్‌టాప్‌ బాక్సు ముందు టీవీని పలకరిస్తుంది... 'నువ్వు ఎంత బొమ్మ చూపగలవు, ఎన్ని స్పీకర్ల శబ్దం తీసుకోగలవు?' అని. టీవీ ఇచ్చిన జవాబుని బట్టి పంపుతుంది. మధ్యలో స్ప్లిట్టర్‌ ఉంటే రెండువైపుల నుంచీ జవాబులు వస్తాయి. హాల్లో ఉన్నది 'అయిదు స్పీకర్లదీ ఇచ్చెయ్‌' అంటుంది. పడకగదిది 'నాకు రెండే చాలు' అంటుంది. పంక్తిలో ఒక్కరు కారం తినకపోతే అందరికీ చప్పిడి కూర వండినట్టు, చాలా స్ప్లిట్టర్లు రెండిటికీ కుదిరే తక్కువ రకాన్నే ఎంచుకుంటాయి. బొమ్మ విషయంలోనూ అంతే. హాల్లో 4కె టీవీ, లోపల పాత ఫుల్‌ హెచ్‌డీ టీవీ ఉంటే హాల్లోనూ ఫుల్‌ హెచ్‌డీయే కనిపిస్తుంది. లోపలి టీవీ వేసినప్పుడు, కట్టేసినప్పుడు ఈ పలకరింపు మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి బొమ్మ ఓ క్షణం పోతుంది.

దీనికి మందు ఉంది. ఏ టీవీ జవాబుని లెక్కలోకి తీసుకోవాలో మనమే నిర్ణయించే మీట కొన్ని స్ప్లిట్టర్ల మీద ఉంటుంది. దాని మీద 'ఈడీఐడీ' అని రాసి ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సింది ఆ మీట గురించి. 4కె సినిమాలు చూసేవారైతే 'హెచ్‌డీసీపీ 2.2'కి పనికొస్తుందో లేదో కూడా చూడాలి. దొంగ కాపీలు తీయకుండా పెట్టిన తాళం అది. ఆ తాళం కుదరకపోతే తెర నల్లగానే ఉండిపోతుంది.

ఇంకాస్త డబ్బు పెట్టగలిగిన వాళ్లు ఏవీ రిసీవర్‌ తీసుకుంటారు. అన్ని పెట్టెలూ దానికే కలుపుతారు. అది శబ్దాన్ని స్పీకర్లకి, బొమ్మని టీవీకి పంపుతుంది. కొన్నిటికి వెనక రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌లు ఉంటాయి. 'రెండో టీవీకి ఇదిగో దారి' అని దుకాణంలో చూపించేది దాన్నే. దారి నిజమే, కానీ ఒక మెలిక ఉంది. శబ్దం స్పీకర్లకి వెళుతున్నంతసేపూ చాలా రిసీవర్లు టీవీలకి బొమ్మనే పంపుతాయి, శబ్దాన్ని పంపవు. పడకగదిలో మూకీ సినిమా! 'శబ్దం టీవీకి కూడా' అని మారిస్తే మళ్లీ హాల్లో అయిదు రెండవుతాయి. రెండో గదికి వేరే బొమ్మ, వేరే శబ్దం ఒకేసారి పంపే రిసీవర్లు ఉన్నాయి. 'జోన్‌ 2' అంటారు. అవి ఖరీదైనవి. పడకగదిలో వార్తలు చూడటానికి అంత ఖర్చు అవసరమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిందే.

అసలు చాలా ఇళ్లలో ఈ కలపడమే అక్కర్లేదు. ఇప్పటి టీవీలు వాటంతట అవే ఇంటర్నెట్‌కి తగులుకుంటాయి. లోపలి టీవీకి హాల్లోని పెట్టెతో పనే లేదు. ఒక్క ఖాతాతో ఒకేసారి ఎన్ని తెరల మీద చూడొచ్చన్నది కట్టిన ప్లానుని బట్టి ఉంటుంది, అంతే. కేబుల్‌, డీటీహెచ్‌ ఛానళ్లు రెండు గదుల్లో వేర్వేరుగా కావాలంటే రెండో బాక్సు పెట్టించుకోవాలి. ఒక్క బాక్సుని ఎన్ని టీవీలకి కలిపినా అన్నిట్లోనూ వచ్చేది ఒకటే ఛానల్‌.

స్ప్లిట్టర్‌ నిజంగా పనికొచ్చే సందర్భం లేకపోలేదు... క్రికెట్‌! హాల్లో డీటీహెచ్‌లో, పడకగదిలో ఇంటర్నెట్‌లో ఒకే మ్యాచ్‌ పెట్టి చూడండి. హాల్లో 'అవుట్‌' అని అరుపులు వినిపించేసరికి లోపల బౌలర్‌ ఇంకా పరుగు మొదలుపెట్టే ఉండడు. ఇంటర్నెట్‌లో వచ్చేది కొన్ని సెకన్లు ఆలస్యం. పండగనాడు ఇంటినిండా చుట్టాలుండి, అందరూ ఒకే బంతికి ఒకేసారి కేక వేయాలంటే ఒక్క బాక్సుని రెండు టీవీలకి పంచడమే మార్గం.

తాతయ్యకి ఏం వినపడదు?

పడకగది టీవీ చాలా ఇళ్లలో పెద్దవాళ్లదే. 'తాతయ్యా, కాస్త సౌండు తగ్గించవా, చదువుకోవాలి' అని మనవరాలి కేక. 'తగ్గిస్తే నాకు వినపడదమ్మా' అని ఆయన జవాబు. ఇద్దరి మాటా నిజమే.

వయసుతోపాటు చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి శబ్దాల్ని. అచ్చుల్లో బలం ఉంటుంది, అవి బరువైన శబ్దాలు. స, శ, త, క, ప లాంటి హల్లుల గుర్తులన్నీ సన్నటి శబ్దాల్లో ఉంటాయి. అందుకే పెద్దవాళ్లు 'చప్పుడు వినపడుతోంది కానీ మాట తెలియడం లేదు' అంటారు. సరిగ్గా వాళ్లకి జరుగుతున్నది అదే. అలాంటప్పుడు సౌండు పెంచితే బరువైన శబ్దాలే ఇంకా పెరిగి మాటని కప్పేస్తాయి. ఊఫర్‌ తగిలిస్తే మరీ అన్యాయం. పైగా టీవీలు పల్చబడేకొద్దీ వాటి స్పీకర్లు వెనక్కో కిందికో వెళ్లిపోయాయి. మాట నేరుగా మనిషి వైపు రాదు, గోడకో బల్లకో తగిలి వస్తుంది.

కాబట్టి పడకగదికి కావాల్సింది థియేటర్‌ కాదు, స్పష్టమైన మాట. టీవీ ముందు పెట్టే చిన్న సౌండ్‌బార్‌ చాలు. ఊఫర్‌ లేనిదైతే మరీ మంచిది. చాలావాటిలో మాటల్ని పైకి తెచ్చే మీట ఒకటి, రాత్రిపూట మోతలు తగ్గించే మీట ఒకటి ఉంటాయి. రెండోది నొక్కితే బాంబు పేలుడు తగ్గుతుంది, గుసగుస పెరుగుతుంది. పక్కగదిలో చదువుకునే పిల్లలకీ మేలు. హాల్లో హోమ్‌థియేటర్‌ ఉన్నవాళ్లు కూడా సెట్టింగుల్లోకి వెళ్లి మధ్య స్పీకర్‌ ఒక్కదాన్ని రెండు మూడు డెసిబెల్స్‌ పెంచి చూడొచ్చు. మొత్తం సౌండు పెంచకుండానే మాటలు తేటపడతాయి.

చెవికి పెట్టుకునే బ్లూటూత్‌ పరికరాలు కొందరికి నచ్చుతాయి. అయితే బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. పెదవుల కదలికకన్నా శబ్దం వెనకబడితే కొంతవరకు మనసు సర్దుకుంటుంది. మెరుపు తర్వాత ఉరుము వినడం మనకి పుట్టుకతో అలవాటే కదా. శబ్దం ముందొచ్చేస్తే మాత్రం వెంటనే పట్టేస్తాం. సెకనులో వెయ్యోవంతుని మిల్లీసెకను అంటారు. శబ్దం ముందొస్తే 45, వెనకబడితే 125 మిల్లీసెకన్లు దాటాక చూసేవారికి తెలిసిపోతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ సంఘం లెక్క. టీవీల్లోనూ రిసీవర్లలోనూ దీన్ని సరిచేసే 'లిప్‌సింక్‌' సెట్టింగు ఉంటుంది. ఒకటి గుర్తుంచుకోవాలి. నెలల తరబడి సౌండు పెంచుకుంటూ పోతున్న మనిషికి సౌండ్‌బార్‌ కన్నా ముందు చెవి పరీక్ష చేయించాలి.

పైపు చిన్నదైతే...

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లూ, ఫ్లాట్‌లో లోపలి పనులు చేయిస్తున్నవాళ్లూ ఈ భాగాన్ని మేస్త్రికి చదివి వినిపించినా నష్టం లేదు. ఎలక్ట్రీషియన్లు మామూలుగా వేసేది 20 లేదా 25 మిల్లీమీటర్ల పైపు. కరెంటు తీగకి అది చాలు. హెచ్‌డీఎంఐ తీగ చివరనున్న ప్లగ్గు వెడల్పే సుమారు 20 మిల్లీమీటర్లు! వంపు దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుపోతుంది. అప్పుడిక రంగులు వేసిన గోడని మళ్లీ కోయాల్సిందే. టీవీ వెనకనుంచి కిందున్న పెట్టెల దాకా, అక్కణ్నుంచి రెండో గదికి 40 మిల్లీమీటర్ల పైపు వేయించాలి. మలుపుల్లో ఎల్బో కాకుండా నిదానంగా తిరిగే బెండ్‌ పెట్టించాలి. లోపల ఒక ఇనుప తీగో నైలాన్‌ తాడో వదిలేయాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్త తీగని దాంతో లాగొచ్చు. ఎందుకంటే గోడ యాభై ఏళ్లుంటుంది, తీగ పదేళ్లకే పాతబడుతుంది. హెచ్‌డీఎంఐలోనే 2009లో ఒక రకం, 2013లో ఒకటి, 2017లో మరొకటి వచ్చాయి.

రాగి హెచ్‌డీఎంఐ తీగ 4కె బొమ్మని అయిదు మీటర్ల దాకా నమ్మకంగా మోస్తుంది. ఆ దూరం దాటితే బొమ్మ మెరుస్తూ ఆరుతూ ఉండొచ్చు. పక్కగది దాకా అయితే ఆప్టికల్‌ ఫైబర్‌తో చేసిన హెచ్‌డీఎంఐ తీసుకోవాలి. దానికి ఒక చివర పెట్టెకి, రెండో చివర టీవీకి అని గుర్తులుంటాయి. తిరగేసి గోడలోకి లాగితే బొమ్మ రాదు! పైపులో రెండు క్యాట్‌-6 తీగలు కూడా వేయించి ఉంచితే మంచిది. ఇంటర్నెట్‌కీ పనికొస్తాయి, చివర్లలో తగిన పెట్టెలు తగిలిస్తే బొమ్మని పదుల మీటర్ల దూరం మోసుకెళతాయి కూడా. రిమోట్‌ పక్కగదిలోంచి పనిచేయడానికి దారపు కొసన చిన్న కన్నులాంటిది వస్తుంది. దాన్ని లోపలి టీవీ దగ్గర అంటిస్తే సరిపోతుంది.

టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపాలంటే టీవీ వెనక 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే తీగ పెట్టాలి. పక్కదాంట్లో పెట్టి 'కొత్త సౌండ్‌బార్‌ మోగడం లేదు' అని తిరిగి దుకాణానికి మోసుకెళ్లేవాళ్లు తక్కువేం కాదు.

స్పీకర్లకి 16 గేజి రాగి తీగ నలభై అడుగుల దాకా చాలు. బజార్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ రాగి పేరుతోనే అమ్ముడవుతుంటుంది. ఒక పోగుని బ్లేడుతో గీకితే తెలిసిపోతుంది. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. స్పీకర్‌ తీగల్ని కరెంటు తీగలతో ఒకే పైపులో వేయనివ్వకూడదు.

పెట్టె మీద రాసే వాట్ల సంగతి చెప్పుకోకపోతే ఎలా! '5000 వాట్లు పీఎంపీఓ' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటారు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్‌ అంకెని. దానిమీదా అనుమానముంటే పెట్టె వెనకవైపు చిన్న అక్షరాల్లో అది వాడుకునే కరెంటు ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 60 వాట్లు తీసుకునేది తెరిపి లేకుండా 500 వాట్లు ఎలా ఇస్తుంది? ఇంకో మాట. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. మూడు డెసిబెల్స్‌ పెరుగుతుందంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పదింతలు కావాలి.

రెండు గదుల మధ్య తీగ వేశాక స్పీకర్లలో సన్నగా 'గుయ్‌'మని మోత మొదలైతే అది సాధారణంగా ఎర్తింగ్‌ తేడా. హాల్లోని పెట్టె ఒక లైనులో, పడకగది టీవీ ఇంకో లైనులో ఉండి, మధ్యలో తీగ రెండిటినీ కలిపినప్పుడు వస్తుందిది. కొన్నిసార్లు కేబుల్‌ తీగ వెంట కూడా వస్తుంది. ఆ కేబుల్‌ తీగని ఓసారి పీకి చూస్తే తేలిపోతుంది. మోత పోవడానికి ప్లగ్గులో మూడో పిన్నుని విరగ్గొట్టేవాళ్లున్నారు. మోత పోతుంది నిజమే, షాక్‌ నుంచి కాపాడే దారీ దాంతోపాటే పోతుంది. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకూడదు. ఎర్తింగ్‌ బాగుచేయించుకోవాలి. పిడుగుల నుంచి కాపాడతాయని కొనే సర్జ్‌ ప్రొటెక్టర్లు కూడా ఎర్తింగ్‌ సరిగా ఉంటేనే పనిచేస్తాయి. ఉరుములు మొదలయ్యే ముందే ప్లగ్గుతోపాటు కేబుల్‌, డిష్‌ తీగల్నీ పీకేయడం అన్నిటికన్నా క్షేమం.

బిగించడానికి వచ్చినవాళ్లు వెళ్లేలోపు ఓ అరగంట పరీక్షకి ఉంచుకోవాలి. వాళ్లు పెట్టేది ఎప్పుడూ కార్లు పేలిపోయే సినిమానే. అది ఎలాగూ బాగానే వినిపిస్తుంది. ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీను పెట్టించి, సౌండు బాగా తగ్గించి, సోఫాలో అన్ని చోట్లా కూర్చుని వినాలి. హాల్లో సినిమా నడుస్తుండగా లోపలి టీవీ వేసి, కట్టేసి చూడాలి. పడకగది తలుపు మూసి అమ్మమ్మనో నాయనమ్మనో కాసేపు మంచం మీద కూర్చోబెట్టి, ఊఫర్‌ మోత ఎంత వస్తోందో అడగాలి. ఆ తర్వాత ప్రతి తీగకీ రెండు చివర్లా ఒకే అంకె రాసిన కాగితం ముక్క అంటించి, దాని మీద సెలోటేపు వేసేయాలి. గోడలో పైపులు పూడ్చకముందు తీసిన ఫొటోలుంటే వాటిని ప్రింటు తీయించి వారంటీ కార్డుల కవర్లోనే పెట్టుకోవాలి. ఫోను ఎలాగూ రెండేళ్లకి మారిపోతుంది.